పశువుల శాలలో పాతికవేల పడక



ఈవేళ మీతో ఒక ప్రయాణం సంగతి ముచ్చటించాలని వచ్చాను. ప్రయాణమంటే నేనేదో ప్రపంచం చుట్టి వచ్చానని అనుకోకండి. మా అమ్మాయీ, అల్లుడూ జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కిందటి ఏడాది అమ్మాయికి పురుడు పోయడానికి వెళ్ళాను. వెళ్ళిన పని అయ్యాక, తిరుగు ప్రయాణానికి ఇంకా పది రోజులుందనగా, "అత్తయ్యగారూ, ఇన్నాళ్ళూ వంటింట్లోనే ఉండిపోయారు. నాలుగు రోజులు ఇటలీ పల్లెటూళ్ళో ఉండి వద్దాం. మీరు గరిటె ముట్టుకోడానికి వీల్లేదు" అన్నాడు మా అల్లుడు. గరిటె ముట్టుకోవద్దంటే కాదనే ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు. సరేనన్నాను.

ఇటలీ అంటే రోము, వెనిస్సు చూపిస్తాడనుకున్నాను. కాదు. టస్కనీ అని ఒక సీమ ఉంది. అందులో సియెనా అనే పాత పట్నం. అక్కడి నుంచి కారులో ముప్పావుగంట పోతే గుట్టలూ, ద్రాక్షతోటలూ, ఆలివ్ చెట్లూ. రోడ్డుకి రెండువైపులా సన్నగా, నిటారుగా సైప్రస్ చెట్లు. మా శ్రీకాకుళం సముద్రపొడ్డున సరుగుడు తోపులు చూసినవాళ్ళకి ఆ చెట్లు అంత కొత్తగా ఏమీ కనిపించవు. గుట్టమీద ఒక రాతి ఇల్లు. అదే మేము దిగిన హోటలు. పూర్వం రైతుల ఇల్లట. ఇప్పుడు పెద్ద ధనవంతులు దిగే చోటు. రాత్రికి ఒక గదికి 260 యూరోలు, అంటే మన డబ్బుల్లో పాతికవేలు దాటింది. ఈ సంగతి ముందే తెలిస్తే నేను కారు దిగేదాన్ని కాదు. అందుకే చెప్పలేదట!

గది చూశాను. కింద కాల్చిన మట్టి పలకలు పరిచారు. పైన దూలాలు చెస్ట్‌నట్ కర్రవి, నల్లగా, అక్కడక్కడ పురుగు తిన్న గుంటలతో సహా అలాగే ఉంచేశారు. గోడలకి సున్నం. మంచం మీద దుప్పట్లు ముట్టుకుంటే మాసిపోతాయేమోనన్నంత తెల్లగా ఉన్నాయి. ఇవన్నీ చూస్తూ ఒక గోడ దగ్గర ఆగిపోయాను. గోడ పొడుగునా నడుమెత్తున రాతి తొట్టెలా ఒకటుంది. అందులో ఏవో ఎండుపూలు పెట్టి అలంకరించారు. దాని అంచున ఇనుప కడియాలు. నాకు చూడగానే తెలిసిపోయింది. "ఇది పశువుల గాడి కదమ్మా!" అన్నాను మా అమ్మాయితో. "ఛ, ఊరుకో అమ్మా" అంది. మర్నాడు అడిగితే నిజమే. అది పశువుల శాల. మేము పాతికవేలు పెట్టి పశువుల శాలలో పడుకున్నామన్నమాట.

ఇంత పరదేశంలో నాకది ఎలా తెలిసిందని అడుగుతారేమో. మా అత్తవారిది అరసవల్లి. సూర్యనారాయణస్వామి కోవెల ఉన్న అరసవల్లే. కోవెలకు నాలుగు వీధుల అవతల నాటుపెంకుల ఇల్లు, వీధి అరుగు, వసారా, పెరట్లో నుయ్యి, నుయ్యి దాటితే పశువుల శాల, ఆ వెనక కళ్ళం. పెళ్ళై వెళ్ళిన కొత్తలో ఆ గాడిలో నేనే గడ్డి వేసేదాన్ని. కడియానికి తాడు కట్టడం రాక మా కంబారి చేత చీవాట్లు తిన్నదాన్ని. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆ హోటల్లో గదులు తుడిచే ఆవిడ ఒకామె ఉంది. నా వయసే ఉంటుంది. నేను ఆ గాడి ముందు నిలబడి చూడటం చూసి నవ్వింది. నాకు ఇటాలియన్ రాదు, ఆమెకు తెలుగు రాదు. మా అమ్మాయి ఫోనులో ఆమె మాట ఇంగ్లీషులోకి మార్చి, నాకు తెలుగులో చెప్పింది. ఆ ఇంట్లోనే వాళ్ళ నాయనమ్మ కాపురం చేసిందట. మొత్తం పద్నాలుగు మంది. కింద పశువులు, పైన మనుషులు. చలికాలంలో పశువుల ఒంటి వేడి పైకి వస్తుందని ఆ ఏర్పాటు. భూమి వాళ్ళది కాదు, దొరది. పండినదాంట్లో సగం దొరకి కొలవాలి. పండగలకి కోళ్ళు, గుడ్లు అదనం. మెజ్జాద్రియా అంటారట ఆ పద్ధతిని. మన సగపాలు సేద్యం లాంటిదే అనుకోండి. రెండో యుద్ధం అయ్యాక అక్కడి కుర్రవాళ్ళంతా కర్మాగారాల్లో పనులకు పట్నాలు వెళ్ళిపోయారు. 1964లో ప్రభుత్వం కొత్తగా అలాంటి సగపాలు ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం చేసింది. పల్లెల్లో ఇళ్ళకిళ్ళు ఖాళీ అయిపోయాయి. ఆ ఖాళీ ఇళ్ళను డబ్బున్నవాళ్ళు కొనుక్కొని బాగుచేశారు. వాళ్ళ నాయనమ్మ బతికుండగా ఒకసారి మనవరాలు పనిచేసే చోటు చూద్దామని వచ్చి, ఈ గది చూసి, "ఇక్కడ పడుకోడానికి డబ్బులిస్తారా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్విందట. కొంగు అన్నది నా మాటే, వాళ్ళకి కొంగెక్కడిది!

ఆ నవ్వు గురించి చెప్పి ఆవిడ తన బకెట్ తీసుకొని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. నాయనమ్మ కాపురం చేసిన ఇంట్లో మనవరాలు నెలజీతానికి నేల తుడుస్తోంది. ఆవిడకేమీ బాధ ఉన్నట్లు కనిపించలేదు, జీతం బాగానే ఇస్తారంది. బాధంతా నాదే కాబోలు.

భోజనం సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఆ హోటల్లో రాత్రి రిబొల్లీతా అని ఒక పులుసు వడ్డించారు. ఆ మాటకు అర్థం మళ్ళీ ఉడికించినది అని. నిన్నటి రొట్టె ముక్కలు, చిక్కుడు గింజల్లాంటి తెల్ల గింజలు, నల్లగా ఉండే ఒకరకం ఆకు కోసు, ఇవన్నీ వేసి ఉడికించి, మర్నాడు మళ్ళీ ఉడికించి, పైన ఆలివ్ నూనె పోస్తారు. మిగిలిపోయిన రొట్టె పారెయ్యలేని ఇంట్లో పుట్టిన వంట అది. మన చద్దన్నం, తరవాణి, చోడి అంబలి ఏ కులగోత్రాలవో అదీ ఆ కులగోత్రాలదే. చీటీ మీద దాని వెల 16 యూరోలు. పదిహేనువందల పైచిలుకు! అంబలికి పదిహేనువందలంటే మా అత్తగారు ఏమనేదో తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. అయితే రుచి మాత్రం, అబద్ధం ఎందుకాడాలి, చాలా బాగుంది. రొట్టెలో ఉప్పు వేయరు వాళ్ళు. పూర్వం ఉప్పు మీద పన్ను ఉండేదనీ, ఆ కాలం అలవాటనీ చెప్పుకుంటారు. కూరలో ఉప్పు ఉంటుంది కనక సరిపోతుంది. నేను మాత్రం మా అమ్మాయి తెచ్చిన ఆవకాయ సీసా తీశాను. అల్లుడు అటు తిరిగి కూర్చున్నాడు, నన్ను ఎరగనట్టు.

ఆ ఇంటి ముందు కళ్ళం కూడా ఉంది. రాతి పలకలు పరిచిన గుండ్రని చదును. పూర్వం గోధుమలు నూర్చేవారట. ఇప్పుడు దాని పక్కన ఈతకొలను. ద్రాక్షతోట ఉంది గానీ దాన్ని ఎవరో కాంట్రాక్టుకి చూస్తారు. హోటలు వాళ్ళకి తోట కిటికీలోంచి కనబడితే చాలు. రెండు రోజులున్నాం. కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. ఎవరో కాఫీ తెచ్చి ఇచ్చేవారు. మొదటిరోజు స్వర్గమే అనిపించింది. రెండోరోజు మధ్యాహ్నానికి మన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. పక్కవాళ్ళని పలకరిద్దామా అంటే అక్కడ ఎవరూ ఎవర్నీ పలకరించరు.

మూడోరోజు మా అల్లుడు ఇంకో ఇంటికి తీసుకువెళ్ళాడు. అది హోటలు కాదు. అగ్రితూరిజ్మో అంటారు. సేద్యం చేసుకునేవాళ్ళే తమ ఇంట్లో రెండు మూడు గదులు బస కిస్తారు. ఇక్కడ గదికి 90 యూరోలే, పొద్దుటి ఫలహారంతో కలిపి. ఇక్కడ దుప్పట్లు అంత తెల్లగా లేవు. స్నానాల గదిలో కుళాయి తిప్పితే కాస్త మూలిగింది. మేం వెళ్ళేసరికి ఇంటి కోడలు రబ్బరు బూట్లతో తోటలోంచి వచ్చింది. అవి ద్రాక్ష కోతల రోజులు. చేతులు కడుక్కొని, తాళం చెవులిచ్చి, గోడమీద అంటించిన కాగితం చూపించింది. పొద్దుట ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఫలహారం. తొమ్మిది దాటితే లేదు, మేము తోటలో ఉంటాము. రాత్రి భోజనం వారానికి రెండు రోజులే. మిగతా రోజులు ఊళ్ళో తినండి. వండేది ఏదుంటే అది.

నాకు ఆ కాగితం చదివించుకున్నాక ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఏమంటారు? ఇంటికొచ్చిన వాళ్ళకి "ఇంతవరకే నా వల్లవుతుంది" అని గోడమీద రాసి అంటించిన ఇల్లాలిని నేను నా జీవితంలో చూడలేదు. మనం "అయ్యో, ఇంకొంచెం వెయ్యనా" అని వంగిపోతూనే ఉంటాం, నడుం విరిగిపోతున్నా సరే.

ఈ పద్ధతి వెనక ఒక చట్టముంది. 1985లో ఇటలీ ప్రభుత్వం మొదటి చట్టం చేసింది. 2006లో దాన్ని మార్చి కొత్తది తెచ్చింది. అందులో ముఖ్యమైన మాటేమిటంటే, బస ఇచ్చేవాడు ముందు రైతై ఉండాలి. సేద్యం ప్రధానం, అతిథులు దానికి అనుబంధం. సేద్యం మానేసి గదులు అద్దెకిచ్చుకుంటే దానికి ఆ పేరు పెట్టుకోకూడదు. వడ్డించేదాంట్లో ఎక్కువ భాగం తమ పొలంలోనో, ఆ చుట్టుపక్కలో పండినది కావాలి. ఇటలీలో ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు 25 వేలకు పైనే ఉన్నాయి. వాటిలో సుమారు మూడోవంతు ఆడవాళ్ళే నడుపుతున్నారు. ఆడవాళ్ళు నడపడమంటే ఆడవాళ్ళు చాకిరీ చెయ్యడం కాదండోయ్, చాకిరీ అన్ని ఇళ్ళలోనూ ఆడవాళ్ళదే. కాగితాల మీద యజమానురాలు ఆమే అని.

ఆ రాత్రి భోజనాల రోజు కావడం మా అదృష్టం. అత్తాకోడళ్ళు ఇద్దరూ వండారు. నేను ఊరుకోలేక వంటింట్లోకి వెళ్ళి చిక్కుళ్ళు ఒలిచాను. అల్లుడి ఆంక్ష అప్పుడే తప్పాను. ఒలుస్తూ మా అమ్మాయి చేత అడిగించాను. "అమ్మా, ఈ గదుల మీద వచ్చే డబ్బు ఎవరిది?" అని. ఆ కోడలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ద్రాక్షసారాయి మా ఆయనది. గదులు నావి" అంది. అత్తగారు పక్కనే ఉంది. తలూపింది. అంతే.

ఇంతలో మా మరిది దగ్గర్నుంచి ఫోను. "వదినా, మీరు వచ్చాక మాట్లాడుకుందామనుకున్నాం గానీ, బేరం మంచిది తగిలింది. అరసవల్లి ఇల్లు, కళ్ళం కలిపి అడుగుతున్నారు. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతారట. అన్నయ్య సరే అన్నట్టే. మీ మాట కూడా ఒకటి కావాలి" అన్నాడు. మంచివాడు మా మరిది. నా మాట కావాలని అడిగాడు. చాలామంది అడగరు.

ఏం చెప్పను? ఆవేళ అక్టోబరు రెండో తారీఖు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మార్చిలో తొమ్మిది, పది తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరులో ఒకటి, రెండు తేదీల ప్రాంతంలోనూ అరసవల్లిలో పొద్దుటి కిరణాలు గోపురం దాటి లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. మబ్బు లేకపోతే కొద్ది నిమిషాలు కనిపిస్తుంది. దానికోసం తెల్లవారుజామునే జనం వచ్చి నిలబడతారు. మా అత్తగారున్న రోజుల్లో ఆ జనంలో సగం ముందురోజు రాత్రి మా అరుగు మీదే పడుకునేవారేమో అనిపించేది.

ఇక రథసప్తమి చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి నుంచి క్షీరాభిషేకం, నిజరూప దర్శనం. శ్రీకాకుళం నుంచి అరసవల్లి దాకా మనుషులే. ఒడిశా నుంచి, పర్లాకిమిడి వైపు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. కంటి జబ్బులవాళ్ళు, చర్మరోగాలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. మా వీధిలో ప్రతి ఇంటి అరుగూ నిండిపోయేది. మా ఇంట్లో అరుగు, వసారా, చివరికి కళ్ళంలో గడ్డివాము పక్కన కూడా. ఎవరు? ఏ ఊరు? ఏ కులం? మా అత్తగారు అడిగేది కాదు. "తిన్నారా?" అని ఒక్కటే అడిగేది. నుయ్యి దగ్గర జిల్లేడాకులు నెత్తిన పెట్టుకొని స్నానాలు. తెల్లవారేసరికి పెరట్లో పిడకల మీద పాలు పొంగించి, కొత్తబియ్యం, బెల్లం వేసి పరమాన్నం. చిక్కుడాకుల్లో పెట్టి నైవేద్యం. ఆ పిడకల పొగ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

ఒక ఏడాది బరంపురం నుంచి వచ్చిన ఒకాయన వెళుతూ వెళుతూ మా అత్తగారి చేతిలో నోట్లు పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆయన వెళ్ళాక నేను, "తీసుకుంటే ఏం పోయిందత్తా, బియ్యం ఎంతైపోయిందో చూడు" అన్నాను. "దేముడి కాడికొచ్చినోల్ల దగ్గిర డబ్బులు పుచ్చుకుంతామేటే? కళ్ళు పోతాయి" అంది. కళ్ళిచ్చే దేవుడి ఊళ్ళో ఆ మాటకి ఎదురేం చెప్పగలం?

అయితే అక్కయ్యలూ, ఇంకో సంగతి కూడా చెప్పాలి. లేకపోతే నేను అత్తగారి పుణ్యాన్ని నా పేరున జమ వేసుకున్నట్టవుతుంది. ఆ మూడురోజులూ నాకు రెండు గంటలు నిద్ర ఉండేది కాదు. పొయ్యి ఆరేది కాదు. నూతిలోంచి ఎన్ని బిందెలు తోడానో లెక్కలేదు. మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా కూడా తోడాను. వచ్చినవాళ్ళు "మీ మామగారు ధర్మాత్ములమ్మా" అనేవారు. మామగారు అరుగు మీద కూర్చొని చుట్ట కాల్చుకునేవారు. నేను ఒళ్ళు మండి వంటింట్లో గిన్నెలు దబదబా పడేసేదాన్ని. ఇప్పుడు ఆ ఇల్లు తలుచుకొని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నది నేనే, అప్పుడు ఆ గిన్నెలు పడేసింది కూడా నేనే.

అత్తగారు పోయాక మేము విశాఖపట్నంలో స్థిరపడ్డాం. ఇల్లు తాళం. అరుగుకి ఇనుప కటకటాలు పెట్టించాడు మా మరిది, ఎవరూ పడుకోకుండా. ఇప్పుడు రథసప్తమికి జనం తగ్గలేదు సరిగదా పెరిగారు. 2025లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. పడుకోడానికి మాత్రం అరుగులు లేవు. లాడ్జీలు ఉన్నాయి. ఆడవాళ్ళు పిల్లలతో లాడ్జీలో దిగడమంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

విశాఖపట్నం తిరిగివచ్చాక మావారితో అన్నాను. అమ్మొద్దు, రెండు గదులు బాగుచేయించి, పట్నం నుంచి వచ్చే కుటుంబాలకి బస ఇద్దాం, డబ్బు తీసుకొనే ఇద్దాం అని. ఆయన పేపరు దించి, "ఈ వయసులో ఊళ్ళోవాళ్ళ ఎంగిలి కంచాలు తీస్తావా?" అన్నారు. "ముప్ఫయి అయిదేళ్ళుగా మన ఇంట్లో తీస్తున్నది ఎవరనుకుంటున్నారు?" అన్నాను. పేపరు మళ్ళీ పైకెత్తేశారు.

ఆయన ఊరుకున్నా మా అబ్బాయి ఊరుకోడు. వాడు కంప్యూటరు ముందు కూర్చొని వివరాలన్నీ తీశాడు. మన కేంద్ర పర్యాటక శాఖకి ఇలాంటి ఇళ్ళకు ఒక పథకం ఉంది. హోమ్‌స్టే అంటున్నారు దాన్ని. ఒక గది నుంచి ఆరు గదుల వరకు బస ఇవ్వవచ్చు. శుభ్రం, స్నానాలగది, మంచినీళ్ళు, ఇవన్నీ వచ్చి చూసి బంగారు తరగతి, వెండి తరగతి అని నిర్ణయిస్తారు. మహారాష్ట్రలో బారామతి వైపు 2005 నాటికే రైతులు ఇలా అతిథుల్ని పిలవడం మొదలుపెట్టారు. అక్కడి ప్రభుత్వం 2020లో దానికి ఒక విధానం కూడా ప్రకటించింది. అరకులోయ వెళితే గిరిజనుల ఇళ్ళల్లో బస చేసి వచ్చామని చెప్పేవాళ్ళు మీ వీధిలోనే ఉంటారు. అంతా బాగుంది. ఒక్క షరతు దగ్గర మా అబ్బాయి ఆగాడు. "అమ్మా, ఇంటివాళ్ళు కుటుంబంతో ఆ ఇంట్లోనే కాపురం ఉండాలిట" అన్నాడు.

న్యాయమైన షరతే. ఇంటివాళ్ళు లేని ఇల్లు అయితే అది లాడ్జీయే కదా! కాని, ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరు? మా మరిది దుకాణం వదిలి రాడు. తోడికోడలికి మోకాళ్ళ నొప్పులు. అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. మావారికి విశాఖపట్నంలో స్నేహితులు, పొద్దుటి నడక, సముద్రం. అందరి చూపులూ నావైపే తిరిగాయి. నవ్వొచ్చింది. ఇల్లు అమ్మడానికి అందరి సంతకాలూ కావాలి. ఉంచడానికి మాత్రం నా ఒక్కదాని నడుం చాలు.

పదిహేను రోజులు ఆలోచించాను. ఆ టస్కనీ కోడలు గోడమీద కాగితమే కళ్ళముందు ఆడింది. చివరికి నేనూ ఒక కాగితం రాశాను. మా ఇంటి మగవాళ్ళ కోసం. అతిథుల కోసం రాసేది తరవాత. అందులో రాసిందేమిటంటే, ఇల్లు ఈ ఏడాదికి అమ్మకూడదు. మరమ్మతు ఖర్చు అన్నదమ్ములిద్దరూ చెరిసగం పెట్టుకోవాలి. నేను సంక్రాంతి నుంచి రథసప్తమి దాటేదాకా అక్కడుండి చూస్తాను. అది నాకు నచ్చితేనే ఏడాది పొడుగునా ఉండే మాట. నీళ్ళు తోడటానికి మోటారు కావాలి. వంటకు సాయం మనిషి కావాలి, ఆ మనిషికి జీతం ముందు తియ్యాలి, మిగిలినదే మనది. బస డబ్బు నా పేరున బ్యాంకులో పడాలి. రథసప్తమి ఒక్కరాత్రి మాత్రం వీధి అరుగు కటకటాలు తీసెయ్యాలి. అరుగు మీద పడుకున్నవాళ్ళ దగ్గర డబ్బు అడగను. గదుల్లో పడుకున్నవాళ్ళ దగ్గర మొహమాటపడను.

మా మరిది చదివి, "వదినా, ఇది మీరు రాసిందేనా, ప్లీడరు చేత రాయించారా?" అన్నాడు. సంతకం పెట్టాడు. మావారు ఇంకా పెట్టలేదు. పెన్ను కనపడలేదంటున్నారు.

మీలో ఎవరైనా ఇటువంటి పల్లెటూరి బసకు వెళ్ళదలిస్తే, ఇటలీయే పోనక్కర్లేదు, ఎక్కడైనా సరే, డబ్బు కట్టేముందు రెండు మూడు సంగతులు అడగండి. ఇంటివాళ్ళు ఆ ఇంట్లో ఉంటారా? పొలం వాళ్ళదేనా, చేస్తున్నారా? వంట ఎవరు చేస్తారు? ఈ మూడింటికీ తిన్నగా సమాధానం రాకపోతే అది పల్లెటూరి వేషం వేసుకున్న హోటలే. హోటలైతే తప్పేమీ లేదు, నేనూ రెండు రోజులు ఉన్నాను, కాని హోటలు అని తెలిసి ఉండటం వేరు. అలాగే వెళ్ళినచోట ఏది వండితే అది తినాలి. పనసపొట్టు ఆవపెట్టిన కూర వడ్డిస్తే పిల్లలకు నూడిల్స్ కావాలని ఆ ఇల్లాలిని మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపకండి. మీరు ఇంట్లో పడే అవస్థే ఆమెదీను.

మా వైపు వస్తే చూడ్డానికి ఏముందంటారా? అరసవల్లి నుంచి శ్రీకూర్మం దగ్గరే. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం. ఇంకోవైపు పొందూరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముక పళ్ళు అంత సన్నగా ఉంటాయి. ఆ పత్తితో ఆడవాళ్ళు వడికే నూలు మీద నేసిందే మీరు విన్న పొందూరు ఖద్దరు. ఒక పూట కూర్చొని చూడాలి. గబగబా ఫోటో తీసుకొని వచ్చేసే పని కాదు.

నేను వచ్చేవారం వెళుతున్నాను. పెంకులు నేయించాలి. నూతికి మోటారు పెట్టినా గిలక తియ్యనివ్వను. ఎవరైనా పట్నం పిల్ల సరదాపడి రెండు బిందెలు తోడుకుంటే తోడుకోనీ, మూడోది నేను తోడను. మేస్త్రీ వచ్చి చూసి, "శాలలో ఈ గాడి పగలగొట్టేస్తే గది పెద్దదౌతాదమ్మా" అన్నాడు. వద్దన్నాను. అడుగున పగులొకటుంది, దానికి సిమెంటు మెత్తమన్నాను. "ఏటి పెడతారమ్మా ఇందులో?" అన్నాడు. ఏం పెట్టాలో ఇంకా తోచలేదు. ఎండుపూలు మాత్రం పెట్టను.